సున్నా మార్కులు, ఎనిమిది నిమిషాలు: రివ్యూలు దారి తప్పిన చోట్లు

మీరు అడిగినవి రెండు. సినిమా, సంగీతం, వీడియో గేమ్‌ల మీద ఇంటర్నెట్‌లో వచ్చిన రివ్యూల్లో జనం ఇప్పటికీ చెప్పుకునే పొరపాట్లు ఏవి, అవి ఎందుకు జరిగాయి అన్నది మొదటిది. రెండేళ్ల కిందట మీరే రాసిన ఒక రివ్యూ ఇప్పుడు చదివితే తల కొట్టేసినట్టుంది, దాన్ని తీసేయాలా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చెప్పుకుంటూ పోతే రెండోదాని దగ్గరికి ఎలాగూ వస్తాం కాబట్టి ఆ వరసలోనే చెబుతాను. నేను ఈ పని పదిహేనేళ్లుగా చేస్తున్నాను. అందులో సగం కాలం ఇతరులు రాసిన రివ్యూలు దిద్దడమే నా ఉద్యోగం.

ముందుగా ఒకటి తేల్చుకుందాం. ఒక ఆల్బమ్‌కి తక్కువ మార్కులు వేశాక, ఇరవై ఏళ్లకు అందరూ దాన్ని గొప్పదని ఒప్పుకుంటే, ఆ మొదటి రివ్యూని నేను పొరపాటుగా లెక్కపెట్టను. డాఫ్ట్ పంక్ అనే బృందం చేసిన 'డిస్కవరీ'కి 2001లో పిచ్‌ఫోర్క్ అనే ఇంటర్నెట్ సంగీత పత్రిక 10కి 6.4 ఇచ్చింది. 2021లో అదే పత్రిక తన పాత రివ్యూల్లోంచి 19 ఆల్బమ్‌లు తీసి మళ్లీ మార్కులు వేసినప్పుడు దానికి 10కి 10 వచ్చింది. ఇంటర్‌పోల్ బృందం తొలి ఆల్బమ్ సంగతి ఇందుకు తలకిందులు: అప్పట్లో 9.5, ఇప్పుడు 7. వీటిలో తప్పు పట్టడానికేమీ లేదు. విన్నవాడు శ్రద్ధగా విన్నాడు, తనకు అనిపించింది రాశాడు, కాలం మారింది, చెవులు మారాయి. నేను పొరపాటు అనేది, రాసేవాడి చూపు ఎదురుగా ఉన్న పాట మీదో సినిమా మీదో నిలవకుండా ఇంకెక్కడికో పోయినప్పుడు జరిగేదాన్ని. ఆ చూపు తన చమత్కారం మీదికి పోవచ్చు, నటి మొహం మీదికి పోవచ్చు, గడియారం మీదికి పోవచ్చు. ఇప్పుడు చెప్పబోయేవన్నీ అలాంటివే.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది 2004 నాటి ట్రావిస్ మారిసన్ కథ. ఆయన డిస్మెంబర్‌మెంట్ ప్లాన్ అనే బృందానికి గాయకుడు. 1999లో వచ్చిన వాళ్ల 'ఎమర్జెన్సీ అండ్ ఐ'కి పిచ్‌ఫోర్క్ 9.6 ఇచ్చి నెత్తిన పెట్టుకుంది. బృందం విడిపోయాక మారిసన్ ఒంటరిగా 'ట్రావిస్తాన్' అనే ఆల్బమ్ చేశాడు. దానికి 0.0 వచ్చింది. ఆ స్కోరు పడిన రోజు నుంచి తన కచేరీలకు వచ్చేవాళ్ల తీరు రాత్రికి రాత్రి మారిపోయిందని ఆయనే తర్వాత పత్రికలవాళ్లకు చెప్పాడు. అంతకు ముందు రోజు వరకు ఆయన్ని తమవాడనుకున్న శ్రోతలే ఎడంగా నిలబడ్డారు.

ఆ ఆల్బమ్ గొప్పదని నేను అనను. నేను చాలాసార్లు విన్నాను. కొన్ని పాటల్లో రాజకీయ వ్యంగ్యం పేలలేదు, కొన్ని సగంలో వదిలేసినట్టున్నాయి. కానీ సున్నా అంటే ఏమిటి? దశాంశ స్థానంతో సహా మార్కులు వేసే పత్రికలో 0.0 అంటే, ఇందులో ఒక్క స్వరం, ఒక్క పదం, ఒక్క డ్రమ్ము దెబ్బ కూడా వినదగ్గది కాదని అర్థం. ఆ మాట నిజం కాదని రాసినవాళ్లకూ తెలుసు. అది ఆల్బమ్‌కి వేసిన మార్కు కాదు, ఆశ పెట్టుకుని భంగపడిన అభిమాని కోపం. కోపం ఉండటంలో తప్పు లేదు. దాన్ని వాక్యాల్లో పెడితే చదివేవాడు తూచుకోగలడు. అంకెలో పెడితే ఆ అంకె ఒక్కటే ఊరంతా తిరుగుతుంది, వాక్యాలు వెనకే ఉండిపోతాయి. మారిసన్ విషయంలో జరిగింది అదే. అప్పట్లో స్వతంత్ర సంగీతం వినేవాళ్లలో పిచ్‌ఫోర్క్ మాటకు ఎంత బలం ఉండేదో ఇప్పుడు మొదలుపెట్టినవాళ్లకు ఊహకందదు. ఒక చిన్న లేబుల్ విడుదల చేసిన చిన్న ఆల్బమ్ మీద ఆ బలాన్నంతా ఒకేసారి దించారు. తూకం తప్పడం అంటే ఇదే.

అంతకు ఏడాది ముందే, 2003లో, లిజ్ ఫెయిర్ అనే గాయని తన పేరుతోనే తెచ్చిన ఆల్బమ్‌కి కూడా అదే పత్రికలో 0.0 పడింది. అంతకు పదేళ్ల ముందు, 1993లో, 'ఎక్సైల్ ఇన్ గైవిల్'తో ఆమె పెద్ద పేరు తెచ్చుకుంది. ఈసారి పాప్ గాయని అవ్రిల్ లవీన్‌కి హిట్లు ఇచ్చిన నిర్మాణ బృందంతో కలిసి కొన్ని పాటలు చేసింది. రేడియోలో వినపడాలని అనుకుంది, అంతే. రివ్యూ రాసిన మాట్ లమే అప్పటికి ఇరవై ఏళ్ల చుట్టుపక్కల కుర్రాడు. ముప్పై ఆరేళ్ల స్త్రీ ఎలాంటి సంగీతం చేయాలో, ఏం పాడితే ఆమెకు తగదో తనకు తెలుసన్న ధోరణి ఆ రివ్యూ నిండా ఉంది. 2019లో లమే బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. తన రాతలో ఆమెను చిన్నచూపు చూసిన తీరు ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉందన్నాడు. 2021లో మార్కులు తిరిగి వేసినప్పుడు ఆ ఆల్బమ్‌కి 6 వచ్చింది. నాకు ఆ 6 కన్నా ఆయన చెప్పిన నాలుగు మాటలు విలువైనవి. ఆల్బమ్ బాగుందని ఆయన నాలుక మడతెయ్యలేదు. ఎక్కడ నిలబడి మాట్లాడాడో, ఆ చోటు తప్పని ఒప్పుకున్నాడు.

చమత్కారం మీదికి చూపు పోవడం మరో రకం. 2006లో జెట్ అనే ఆస్ట్రేలియా బృందం ఆల్బమ్‌కి పిచ్‌ఫోర్క్ రివ్యూగా ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఒక చింపాంజీ తన మూత్రం తానే తాగే వీడియో పెట్టి 0.0 వేసింది. 2008లో బ్లాక్ కిడ్స్ ఆల్బమ్‌కి రెండు కుక్కల బొమ్మ, 'సారీ' అన్న మాట, 3.3 మార్కులు. ఈ రెండోది మరీ అన్యాయం. ఎందుకంటే ఏడాది కూడా తిరక్కముందు, 2007లో, అదే బృందం ఇంకా ఆల్బమ్ కూడా లేని దశలో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన నాలుగు పాటలకు 8.4 వేసి, కొత్తవాళ్లలో మేలైనవాళ్లని ఆకాశానికెత్తింది ఇదే పత్రిక. ఆ నాలుగు పాటలూ ఆల్బమ్‌లో ఉన్నాయి. ఏం మారింది? పాటల తయారీలో ఏం పోయింది? లేక మొదటిసారే ఎక్కువ పొగిడారా? చెప్పాల్సిన సంగతులు ఇన్ని ఉన్నాయి. 'సారీ' ఎవరికి, పాఠకులకా, బృందానికా అన్నది కూడా తెలియదు. ఆరోజు నవ్వినవాళ్లు చాలామందే. కానీ ఆ బృందంలోని పిల్లలు ఆ పేజీ తెరిచి, తమ పాటల్లో ఏది కుదరలేదో తెలుసుకోవడానికి ఒక్క మాట కూడా దొరకక మూసేసి ఉంటారు. రివ్యూ రాయడం మన పని అయినప్పుడు కనీసం ఆ ఒక్క మాట మనం వాళ్లకు బాకీ.

పొగడ్తలోనూ ఇదే జబ్బు ఉంటుంది. 2000లో రేడియోహెడ్ బృందం ఆల్బమ్ 'కిడ్ ఎ'కి పిచ్‌ఫోర్క్‌లో వచ్చిన 10కి 10 రివ్యూని ఇప్పటికీ జనం తవ్వి తీస్తారు. ఆల్బమ్ వినడాన్ని, మృతశిశువు పుట్టడం చూస్తూనే ఆ పాప పరలోకంలో ఆడుకోవడాన్ని ఐమాక్స్ తెర మీద చూడటంతో పోల్చాడు రచయిత. ఆ సంగీతం మనిషిని ఎక్కడికో తీసుకుపోతుందన్నది నిజమే. కానీ ఆ పోలిక చదివాక మన మనసులో మిగిలేది పోలికే, పాట కాదు. నా దగ్గరికి వచ్చే కొత్త రచయితల రాతల్లో నేను మొదట కొట్టేసేది ఇలాంటి వాక్యాన్నే. వాళ్లకు మనసు నొచ్చుకుంటుంది, ఎందుకంటే సాధారణంగా ఆ రాత మొత్తంలో వాళ్లు ఎక్కువ ఇష్టపడి రాసింది అదే.

ఇక చూడకుండా, వినకుండా రాయడం. ఇది చాలా అరుదనుకుంటారు. కాదు. 2008లో మాక్సిమ్ పత్రిక బ్లాక్ క్రోస్ బృందం కొత్త ఆల్బమ్‌కి రెండున్నర నక్షత్రాలు ఇచ్చింది. తాము ముందుగా ఎవరికీ కాపీలే పంపలేదని బృందం బయటపెట్టింది. ఎడిటర్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అది అచ్చు పత్రిక, అది వేరే లోకం అని కొట్టిపారేయకండి. గంటలో రివ్యూ పెట్టాల్సిన వెబ్ పత్రికల్లో ఆ ఒత్తిడి పదింతలు. అబ్జర్వర్ పత్రిక విమర్శకుడు రెక్స్ రీడ్ 2017లో 'ది షేప్ ఆఫ్ వాటర్' సినిమా గురించి రాస్తూ దర్శకుడి పేరు బెనీసియో డెల్ టోరో అని వేశాడు. బెనీసియో నటుడు. ఆ సినిమా తీసింది గియెర్మో డెల్ టోరో. ఒక్క పేరే కదా అనిపించవచ్చు. కానీ ఆ ఒక్క పేరు తప్పు చూశాక పాఠకుడు మిగతా రివ్యూలో దేన్నీ నమ్మడు, నమ్మకపోవడం న్యాయమే.

ఈ విషయంలో నాకు అందరికన్నా ఎక్కువ నేర్పింది రోజర్ ఈబర్ట్. ఆయన గొప్ప సినీ విమర్శకుడు. అంతటివాడు 2008లో 'ట్రూ లవ్డ్' అనే చిన్న సినిమాను ఎనిమిది నిమిషాలు చూసి ఆపేసి, ఒక్క నక్షత్రం ఇచ్చాడు. చూసింది ఎనిమిది నిమిషాలేనన్న సంగతి రివ్యూ చివర్లో చెప్పాడు. పాఠకులు మండిపడ్డారు. చివర్లో చెప్పడమంటే అంతవరకూ చదివించి మోసం చేయడమేనన్నారు. ఈబర్ట్ మొండికేయలేదు. తను చేసింది తప్పని బ్లాగులో రాసి, సినిమా మొత్తం కూర్చుని చూసి, మళ్లీ రివ్యూ రాశాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ల అనుభవం, పులిట్జర్ బహుమతి ఉన్నాయి. వాటి మాటున దాక్కోవడం ఆయనకు పెద్ద కష్టం కాదు. కానీ దాక్కోలేదు.

అదే ఈబర్ట్ 2010 ఏప్రిల్‌లో వీడియో గేమ్‌లు ఎన్నటికీ కళ కాలేవని రాశాడు. ఆయన గేమ్‌లు పెద్దగా ఆడినవాడు కాదు. ఎవరో ఇచ్చిన ప్రసంగం వీడియో చూసి, అందులో చూపించిన గేమ్‌ల మీద తీర్పు చెప్పాడు. ఆ వ్యాసం కింద 4000కు పైగా కామెంట్లు వచ్చాయి. చాలావరకు మర్యాదగా, వివరంగా, ఫలానా గేమ్ నా జీవితంలో ఇలా పనిచేసిందని రాసినవే. జూలైలో ఆయన రెండో వ్యాసం రాశాడు. గేమ్‌లు కళ అని ఒప్పుకోలేదు, తన నమ్మకం తనదే. కానీ తను అనుభవించని దాని మీద అసలు నోరు విప్పి ఉండకూడదని స్పష్టంగా ఒప్పుకున్నాడు. సినిమా చూడకుండా సినిమా మీద అభిప్రాయం చెప్పేవాణ్ని తాను ఏమనుకుంటాడో, తనకూ అదే వర్తిస్తుందని గ్రహించాడు. నేను దిద్దే ప్రతి కొత్త రచయితకూ ఈ రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టి చదవమని చెబుతాను.

గేమ్ రివ్యూల్లో ఇంకో చిక్కుంది, అది సినిమాలకు లేదు. ఎన్ని గంటలు ఆడావన్నది అవతలివాళ్లకు తెలిసిపోతుంది. 2009లో డార్క్‌ఫాల్ అనే ఆన్‌లైన్ గేమ్‌కి యూరోగేమర్ అనే సైట్‌లో 10కి 2 వచ్చాయి. తయారీదారులు తమ సర్వర్ లెక్కలు తీసి, మీ రచయిత ఆడింది రెండు గంటలేనన్నారు. రచయిత కాదన్నాడు. యూరోగేమర్ ఏం చేసిందంటే, ఆ గొడవను మూసిపెట్టకుండా పాఠకుల ముందే పెట్టి, కీరన్ గిల్లెన్ అనే మరో అనుభవజ్ఞుడితో మళ్లీ ఆడించి రాయించింది. రెండోసారి 4 వచ్చాయి. అంటే గేమ్ నిజంగానే అంతంతమాత్రం. తీర్పు పెద్దగా మారలేదు, కానీ రెండో రివ్యూని ఎవరూ కదపలేకపోయారు. సరైన తీర్పుని కూడా తప్పుడు దారిలో చెప్పొచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

చూపు సరిగానే ఉండి, చూపించింది వేరే అయితే? 2013 మార్చిలో వచ్చిన సిమ్‌సిటీ అనే గేమ్‌కి పాలిగాన్ అనే సైట్ 9.5 ఇచ్చింది. విడుదలకు ముందు, కొద్దిమందే ఉన్న సర్వర్లలో ఆడి వేసిన మార్కు అది. ఇంటర్నెట్ లేకుండా ఆడలేని ఆ గేమ్ విడుదలైన రోజున సర్వర్లు కుప్పకూలాయి, డబ్బు పెట్టి కొన్నవాళ్లు గంటల తరబడి వరసలో వేచి ఉన్నారు. పాలిగాన్ మార్కును 8కి దించింది, తర్వాత 4కి, తర్వాత మళ్లీ 6.5కి పెంచింది. చాలామంది నవ్వారు. నేను నవ్వను, ఎందుకంటే వాళ్లు మార్పులన్నీ బహిరంగంగా, కారణాలతో చేశారు. వాళ్ల తప్పు మొదటి రోజుదే: జనం ఆడబోయే పరిస్థితిలో ఆడకుండానే జనం కోసం తీర్పు చెప్పడం. ఏడేళ్లయినా ఆ పాఠం ఎవరికీ ఒంటబట్టలేదని 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 అనే గేమ్ తేల్చింది. విడుదలకు ముందు రివ్యూ రాసేవాళ్లకు కంప్యూటర్ వెర్షన్ మాత్రమే ఇచ్చారు, సొంతంగా తీసిన దృశ్యాలు చూపించకూడదన్నారు. పత్రికల మార్కులన్నిటికీ సగటు కట్టే మెటాక్రిటిక్ సైట్‌లో అది 90 దాటింది. తీరా పాత కన్సోళ్ల మీద, అంటే టీవీకి తగిలించి ఆడే పాత గేమ్ యంత్రాల మీద, ఆడదామని కొన్నవాళ్లకు వచ్చింది ఆడలేని గేమ్. దాదాపు వారానికే సోనీ దాన్ని తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేసింది. ఆ షరతుల సంగతి రివ్యూలో మొదటి పేరాలోనే, పెద్దగా రాసినవాళ్లు పరువు దక్కించుకున్నారు. వంద మాటల తర్వాత ఎక్కడో ఒక మూల రాసినవాళ్లు, అసలు రాయనివాళ్లు చెడ్డపేరు మూటగట్టుకున్నారు.

మనిషి మొహం మీదికి చూపు పోవడం గురించి చెప్పేటప్పుడు నేను ఆచితూచి మాట్లాడతాను, ఎందుకంటే ఇందులో ఒకటి తేలిక, ఒకటి కష్టం. తేలికైనది 2016 నాటిది. వెరైటీ అనే సినిమా పత్రిక ముఖ్య విమర్శకుడు ఓవెన్ గ్లైబర్‌మన్ బ్రిజిట్ జోన్స్ మూడో సినిమా ట్రైలర్ మాత్రమే చూసి, రెనే జెల్వెగర్ మొహం ఆమెలా లేదని, అలాంటప్పుడు ఆమె వేరే నటి అయిపోయినట్టేనా అని పెద్ద వ్యాసం రాశాడు. సినిమా ఇంకా రాలేదు. నటన చూడలేదు. ఒక స్త్రీ చర్మం మీద వ్యాసం. నెలరోజులకు జెల్వెగర్ తనే హఫింగ్టన్ పోస్ట్‌లో జవాబు రాసింది, చాలా హుందాగా. ఆ రెంటినీ చదివినవాళ్లకు ఎవరు ఎవరికి పాఠం చెప్పారో వేరే చెప్పక్కర్లేదు.

కష్టమైనది 'ప్రామిసింగ్ యంగ్ వుమన్' సినిమా విషయం. 2020 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో చూసి వెరైటీలో డెనిస్ హార్వీ రివ్యూ రాశాడు. కథానాయిక కేరీ మలిగన్‌ని మెచ్చుకుంటూనే ఆ పాత్రకు ఆమె ఎంపిక విచిత్రంగా ఉందన్నాడు, నిర్మాతల్లో ఒకరైన మార్గో రాబీ వేస్తే ఎలా ఉండేదో అన్న ఊహ తెచ్చాడు, వేషం గురించి మాట్లాడాడు. పదకొండు నెలలు ఎవరూ ఏమీ అనలేదు. డిసెంబరులో మలిగన్ ఒక ఇంటర్వ్యూలో, నేను మగవాళ్లను వలలో వేసుకునేంత అందగత్తెను కాదని ఆ రివ్యూ అన్నట్టు అనిపించిందని చెప్పింది. వెరైటీ వెంటనే రివ్యూ పైన క్షమాపణ అంటించింది. హార్వీ, తను అలా అనలేదని, తను మాట్లాడింది పాత్రకు వేసిన వేషం గురించేనని వాపోయాడు. అమెరికా జాతీయ సినీ విమర్శకుల సంఘం ఆ క్షమాపణ తీసేయాలని కోరింది.

నేను ఆ రివ్యూ చాలాసార్లు చదివాను. హార్వీ ఉద్దేశం చెడ్డదని నాకు అనిపించదు. కానీ ఆ వాక్యం మలిగన్‌కి అలా వినపడటంలో ఆశ్చర్యమూ లేదు. ఫలానా నటి అయితే అని ఇద్దరు ఆడవాళ్ల పేర్లు పక్కపక్కన పెట్టాక, పోలిక దేని గురించో పాఠకుడు తనే ఊహించుకుంటాడు. ఇక్కడ నేను గట్టిగా తప్పు పట్టేది పత్రికను. ఆ రివ్యూ ప్రచురించే ముందు ఒక ఎడిటర్ చదివే ఉంటారు కదా? ఆ వాక్యం దగ్గర ఆగి, దీన్ని ఇలా కూడా చదువుతారు, నువ్వు అనేది ఏమిటో విప్పి చెప్పు అని అడగాల్సింది ఆ ఎడిటరే. ఏడాదంతా తమ పేరుతో పేజీ మీద ఉంచుకుని, పెద్ద తార నొచ్చుకున్న రోజున రచయితను ఒంటరిగా వదిలేయడం నాకు మింగుడుపడదు. ఎడిటర్‌గా పనిచేశాను కాబట్టి ఈ మాట కాస్త కటువుగానే అంటున్నాను.

దొంగతనం, డబ్బు గురించి ఎక్కువ చెప్పను, వాటిలో ఆలోచించాల్సింది తక్కువ. 2018లో ఐజీఎన్ అనే సైట్ వేసిన డెడ్ సెల్స్ గేమ్ రివ్యూ ఒక చిన్న యూట్యూబ్ చానల్ నుంచి ఎత్తేసిందని తేలింది. రివ్యూని తీసేశారు, రచయితను ఉద్యోగంలోంచి తీసేశారు. 2007లో గేమ్‌స్పాట్ అనే సైట్‌లో జెఫ్ గర్స్ట్‌మన్ కేన్ అండ్ లించ్ గేమ్‌కి 6 వేశాడు. ఆ సమయంలో సైట్ నిండా అదే గేమ్ ప్రకటనలున్నాయి. కొద్దిరోజుల్లో ఆయన ఉద్యోగం పోయింది. కారణం అదేనని ఆయన నోరు విప్పి చెప్పడానికి 2012 వరకు ఆగాల్సి వచ్చింది. 2023లో వల్చర్ పత్రిక బయటపెట్టిన సంగతి ఇంకో మెట్టు కిందిది: ఒక ప్రచార సంస్థ చిన్న విమర్శకులకు రివ్యూకి 50 డాలర్లు, అంతకు పైన ఇచ్చి, రివ్యూల్లో ఎన్ని శాతం మెచ్చుకున్నాయో లెక్కకట్టే రాటెన్ టొమాటోస్‌లో సినిమా శాతాన్ని పైకి లాగింది. ఆ సైట్‌లో 60 శాతం గానీ అంతకు మించి గానీ వస్తే ఎర్ర టొమాటో, రాకపోతే ఆకుపచ్చ మరక. పెద్ద పత్రిక రివ్యూకీ, ఊరూ పేరూ లేని బ్లాగు రివ్యూకీ లెక్కలో ఒకటే బరువు. కాబట్టి గీతకు కాస్త కింద ఉన్న సినిమాని పైకి నెట్టడానికి నాలుగైదు చిన్న రివ్యూలు చాలు.

పాఠకుల వైపు నుంచి జరిగేదీ చెప్పకపోతే సగమే చెప్పినట్టు. 2012లో 'ది డార్క్ నైట్ రైజెస్' విడుదల కాకముందే, అంటే మామూలు ప్రేక్షకులెవరూ సినిమా చూడకముందే, బాగాలేదని రాసిన విమర్శకులకు బెదిరింపులు వచ్చి రాటెన్ టొమాటోస్ కామెంట్లు మూసేసింది. 2020లో టేలర్ స్విఫ్ట్ 'ఫోక్‌లోర్'కి 10కి 8 ఇచ్చిన రచయిత్రి ఇంటి చిరునామాను అభిమానులు బయట పెట్టారు. ఎనిమిది! 2024లో స్విఫ్ట్ తర్వాతి ఆల్బమ్ ఒకదాన్ని విమర్శిస్తూ రాసిన రివ్యూని పేస్ట్ పత్రిక రచయిత పేరు లేకుండా వేసింది, భద్రత కోసం. పేరు పెట్టుకుని రాయడం ఈ పనికి ప్రాణం లాంటిది. ఆ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిన ఎడిటర్ల పరిస్థితి తలచుకుంటే నాకు కోపం కన్నా దిగులే ఎక్కువ.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న.

తీసేయకండి. పిచ్‌ఫోర్క్ ఒకప్పుడు తీసేసింది. 1998లో జాన్ కోల్ట్రేన్ ప్రత్యక్ష కచేరీ రికార్డు మీద, పాతకాలపు నల్లజాతి జాజ్ అభిమాని యాసను అనుకరిస్తూ ఒక రివ్యూ వచ్చింది. ఒక తెల్ల కుర్రాడు ఆ గొంతు పెట్టి రాయడం ఎంత ఎబ్బెట్టో తర్వాత అర్థమై, సైట్ నుంచి మాయం చేశారు. బెల్ అండ్ సెబాస్టియన్ బృందం ఆల్బమ్‌కి 0.8 వేసిన రివ్యూ కూడా అలాగే పోయింది. ఏమైంది? ఆ రెండిటి కాపీలూ ఇంటర్నెట్‌లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటి పక్కన పత్రిక తరఫున ఒక్క వివరణ మాత్రం లేదు. తప్పు మిగిలింది, దిద్దుబాటు మిగల్లేదు.

దీనికి ఎదురుగా మళ్లీ ఈబర్ట్‌నే పెడతాను. 2009 ఆగస్టులో ఆయన ఆర్మండ్ వైట్ అనే వివాదాస్పద విమర్శకుణ్ని వెనకేసుకొస్తూ రాశాడు. అందరికీ నచ్చినదాన్ని నచ్చలేదనే హక్కు వైట్‌కి ఉందన్నాడు. ఆ రాత్రే ఒక పాఠకుడు, వైట్ ఏయే సినిమాలను మెచ్చుకున్నాడో, వేటిని తిట్టాడో జాబితా చూపించాడు. ఈబర్ట్ తన సమర్థన వెనక్కి తీసుకుంటున్నానని అదే వ్యాసం పైన రాసి, శీర్షికలో 'కాదు' అన్న అర్థం చేర్చాడు. కింద మొదటి వ్యాసం అలాగే ఉంచాడు. ఇప్పటికీ ఎవరైనా ఆయన ఏమనుకున్నాడో, ఎందుకు మారాడో రెండూ చదవొచ్చు.

నాకూ ఇలాంటిది జరిగింది. ఒక టీవీ సీరీస్‌కి ముందుగా పంపిన నాలుగు భాగాలు చూసి, అందులో తల్లి పాత్రకు మనసే లేదని, కథ కోసం నిలబెట్టిన బొమ్మ అని ఘాటుగా రాశాను. ఆరో భాగంలో ఆ తల్లి ఎందుకు అలా బిగుసుకుపోయిందో తెలిసింది, మొదటి నాలుగు భాగాల్లో ఆమె ప్రతి మౌనానికీ అర్థం మారిపోయింది. నేను చూసింది నాలుగు భాగాలేనని నా రివ్యూలో ఎక్కడా లేదు. ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. ఆ పాత్ర వేసిన నటికి నేను అన్యాయం చేశాను. రివ్యూ పైన తేదీ వేసి, ఏం చూశానో, ఏం చూడలేదో, ఏ వాక్యం తప్పో పేర్కొంటూ ఐదు వాక్యాలు చేర్చాను. మార్కులు మార్చలేదు, ఎందుకంటే మొత్తం చూశాక కూడా నాకు ఆ సీరీస్ మీద వేరే ఫిర్యాదులు అలాగే ఉన్నాయి. ఆ తర్వాత నా ప్రతి రివ్యూ మొదట్లో ఎన్ని భాగాలు చూశానో, ఎక్కడ చూశానో, కాపీ ఎవరిచ్చారో ఒక వాక్యం ఉంటుంది.

మీరూ అదే చేయండి. పాత రివ్యూని చదివి, మిమ్మల్ని ఇబ్బంది పెట్టే వాక్యాలు ఏవో ముందు వేరు చేయండి. అభిప్రాయం మారిందంతే అయితే, అప్పటి అభిప్రాయం అప్పటిదే, దానికి గమనిక అక్కర్లేదు, కావాలంటే కొత్తగా ఇంకోటి రాయండి. పేరో, తేదీయో, కథో తప్పుగా ఉంటే అక్కడికక్కడే దిద్ది, దిద్దినట్టు కింద రాయండి. మనిషి రూపం గురించో, పుట్టుక గురించో, వయసు గురించో నోరు జారి ఉంటే ఆ వాక్యాన్ని చెరిపేయకుండా, పైన మీ పేరుతో, మీ మాటల్లో ఒప్పుకోండి. 'ఎవరైనా నొచ్చుకుని ఉంటే' అని మొదలుపెట్టకండి. ఎవరి గురించి ఏమన్నారో పేరు పెట్టి చెప్పండి. మీరు సందేశంలో రాసినదాన్నిబట్టి మీ రివ్యూలో ఈ మూడోరకం వాక్యం ఒకటుంది, ఆ గాయని బరువు గురించినది. గమనిక రాయడం దానితోనే మొదలుపెట్టండి.